గీతలమ్మ నాలుగు ఈకలు

సముద్రానికి కాస్త ఇవతల ఒక పల్లపు నేల ఉంది. సగం ఏడాది నీళ్ళు, సగం ఏడాది ఎండిన బురద. దాని ఒడ్డున గంగులు అనే ముసలి దున్నపోతు ఒక్కడే ఉండేవాడు. ఊళ్ళోకి ట్రాక్టరు వచ్చాక యజమాని పలుపుతాడు విప్పేసి, "ఇక నీ ఇష్టంరా" అని వెళ్ళిపోయాడు. తనకి ఇష్టమంటూ ఒకటి ఉంటుందని గంగులుకి అంతవరకూ ఎవరూ చెప్పలేదు. ఎటు పోవాలో తోచక అక్కడే ఉండిపోయాడు.

చలికాలం రాగానే మాత్రం ఎక్కడెక్కడి పిట్టలో అక్కడ దిగేవి. ఫ్లెమింగోలు పొడుగు కాళ్ళమీద నిలబడి, ముక్కు తలకిందులుగా ముంచి తినేవి. గూడబాతులు గొంతు సంచుల నిండా చేపలు పట్టేవి. గంగులు నెమరు వెయ్యడం కూడా మర్చిపోయి చూస్తుండేవాడు. ఆ ఏడు మంచుకొండల అవతలి నుంచి వచ్చిన ఒక పడుచు బాతు రోజూ అతని వీపెక్కి కూర్చునేది. తల వెనక రెండు నల్లటి గీతలున్నాయని గంగులు ఆమెని గీతలమ్మ అని పిలిచేవాడు.

"ఇంకోటి చెప్పమ్మా."

"ఎన్నని చెప్పేది మావా? మా దోవలో గడ్డమున్న రాబందు ఒకటుండాది. ఎముకని పైనించి బండమీదేసి పగలగొట్టుకుని తింటది. ఎర్రమట్టి నీళ్ళలో పొర్లి ఒంటికి రంగేసుకుంటది."

"గడ్డమే! ఇంకోటి?"

"సముద్రపు పిట్ట ఒకటుందంట. నాలో పావు వంతు కూడా ఉండదు. ఏటా భూమికి ఆ కొస నించి ఈ కొసకి పోయి, మళ్ళీ వస్తదంట."

"పోయిన చోటే ఉండిపోవచ్చు గదా?"

"ఉండిపోతే అది ఆ పిట్టెట్టా అవుద్ది మావా?"

ఆ మాట గంగులుకి నచ్చలేదు.

ఎండలు మొదలయ్యాయి. బాతుల గుంపు నాలుగు రోజుల్లో బయల్దేరుతుందని తెలిసింది. గంగులు మేత ముట్టకుండా కూర్చుంటే బుడ్డయ్య అనే నక్క వచ్చి పక్కన చేరాడు.

"ఏంది బావా, మొహం అట్టా వేలాడేశావు?"

"గీతలమ్మ పోతుండాది."

"దానికింత దిగులా? గుర్తుగా ఈకలడుగు."

"రాలినవి చానా ఉండాయి."

"రాలిన ఈకలో ఏముంది బావా? రెక్క కొసన పొడుగ్గా ఉంటాయి చూడు, అవి పీకిమ్మను. ఒక్క రెక్కవే, నాలుగు. అవి ఎక్కడుంటే పిట్ట మనసు అక్కడే ఉంటది. మా తాత చెప్పాడు."

గంగులు మరీ అంత అమాయకుడేం కాదు. ఆరేళ్ళుగా పిట్టలు ఎగరడమే చూస్తున్నాడు. ఆ నాలుగు ఈకలు దేనికుంటాయో అతనికి తెలుసు. తెలిసే అడిగాడు.

"గుంపు బయల్దేరే లోపల మొలుస్తాయా మావా?" అంది గీతలమ్మ.

"మొలుస్తాయిలే తల్లీ."

ఆమె నమ్మింది. నొప్పికి కళ్ళు మూసుకుని, ముక్కుతో ఒక్కొక్కటే పీకి ఇచ్చింది.

నాలుగోరోజు పొద్దున్నే గుంపు లేచింది. గీతలమ్మ కూడా లేచి, రెండు బారలెత్తులో ఒక పక్కకి ఒరిగి నీళ్ళలో పడింది. మళ్ళీ లేచింది, మళ్ళీ పడింది. గుంపు రెండుసార్లు చుట్టూ తిరిగి కేకలేసి, ఇక ఆగలేక వెళ్ళిపోయింది. గంగులుకి సంతోషమేసింది. సిగ్గుపడాల్సిన సంగతే, కానీ వేసింది.

ఆ సంతోషం పది రోజులు కూడా నిలవలేదు. గీతలమ్మ రోజంతా ఉత్తరం వైపే చూస్తూ ఉండేది.

"ఇంకోటి చెప్పమ్మా."

"ఏమీ గుర్తుకు రావడంలేదు మావా."

అంతకుముందు పిట్టలన్నీ వెళ్ళిపోయినప్పుడు కూడా గంగులు అంత ఒంటరిగా లేడు.

బుడ్డయ్య రోజూ ఒడ్డుకొచ్చి నీళ్ళ అంచు చూసి పోయేవాడు. "నిన్నటికంటే మూడడుగులు తగ్గాయి బావా!" అనేవాడు ఎంతో ఖుషీగా. వాడు ఎదురుచూస్తున్నది దేనికో గంగులుకి అప్పుడు అర్థమైంది. నీళ్ళింకితే ఎగరలేని బాతుకి దిక్కెవరు?

గంగులు గీతలమ్మని వీపున ఎక్కించుకుని మిగిలిన నడిమి మడుగులోకి దిగాడు. మడుగు చుట్టూ బురద గట్టిపడకుండా తొక్కడం మొదలెట్టాడు. నాట్లకి ముందు పొలంలో దమ్ము చేసిన గిట్టలవి. ట్రాక్టరు వచ్చాక ఎవరికీ అక్కర్లేకపోయిన పని అది. రోజూ పొద్దున తొక్కేవాడు, మధ్యాహ్నపు ఎండకి పైన పలచటి పెచ్చు కట్టేది. ముప్ఫై రోజులు తొక్కాడు. గీతలమ్మకి కొత్త ఈకలు ముప్పాతిక పైగా వచ్చాయి. మడుగు మాత్రం గుమ్మడిపాదంత మిగిలింది.

ఆ మధ్యాహ్నం గంగులు పడుకుని కళ్ళు మూశాడు.

"ఏంది బావా, అట్టా పడిపోయావు?"

"నావల్ల కావడంలేదు బుడ్డయ్యా. నేల ఎండిందిగా, వచ్చి నీ పని చూసుకో."

బుడ్డయ్య ఎగిరి దూకాడు. నాలుగడుగులు వేశాడో లేదో పెచ్చు పగిలి, బురదలో గుండెల దాకా దిగిపోయాడు.

"బావా! లాగు బావా!"

"ముందు అమ్మాయి పోనీ."

బుడ్డయ్య కాసేపు గింజుకుని ఆగిపోయాడు. "నేను ఆకలికి చేశాను బావా. నువ్వు దేనికి చేశావు?"

గీతలమ్మ అతని వీపు దిగి ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఈకలు అప్పటికి మొలవవని నీకు తెలుసా మావా?"

"తెలుసు తల్లీ. ఒక్కణ్ణే ఉండలేక అడిగాను."

ఆమె తిట్టలేదు, ఏడవలేదు. రెండు రోజులు మడుగు మీద రెక్కలు ఆడించుకుని, మూడోనాటి పొద్దున లేచి ఉత్తరంగా పోయింది. అన్ని కొండలూ ఇక ఒక్కతే దాటాలి. మళ్ళీ వస్తావా అని అడగడానికి గంగులుకి నోరు రాలేదు.

ఎవరో ఒకరు మిగులుతారులే అని, అప్పటిదాకా బురదలోనే ఉన్న బుడ్డయ్యకి తోక అందించి బయటికి లాగాడు. బుడ్డయ్య ఒళ్ళు దులుపుకుని, వెనక్కి చూడకుండా పరిగెత్తాడు.

మళ్ళీ చలికాలం వచ్చింది. బాతులు దిగాయి. గంగులు ఒక్కొక్క తలా చూశాడు. అన్నిటికీ రెండేసి నల్లటి గీతలే. ఏదీ అతని వీపెక్కలేదు.

నీతి: చూడవచ్చిన అందాన్ని ఉంచేసుకోవాలనుకుంటే, చూసే భాగ్యం కూడా పోతుంది.