మొత్తంగా చూడటం

"ఆ ఎల్లన వాకిలి వదిలి కదలడం లేదు, భంతే. మీరైనా వచ్చి చెప్పండి," అంటూ రేవతుడు గురువు సంఘరక్షితుడి దగ్గరికి వచ్చాడు.

కృష్ణ ఒడ్డున ఉన్న ఆ బౌద్ధ విహారంలో వైద్యం నేర్పే పాఠశాల ఉండేది. పంట ఇంటికి రాగానే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు తలా కొన్ని గింజలు ఇస్తే అది నడిచేది. తోలు పని చేసేవాళ్ల పేట కూడా ఇచ్చేది.

ఒకప్పుడు కొత్తగా చేరాలని వచ్చినవాళ్లు మూలికల పేర్లు, గుణాలు అప్పజెప్పాల్సి ఉండేది. తప్పు పోయినప్పుడల్లా కుండలో ఒక గులకరాయి వేసేవాళ్లు. ఎవరి కుండలో రాళ్లు తక్కువో వాళ్లకే చోటు.

ఆ పద్ధతి మాన్పించింది రేవతుడే. ఒక్క రాయీ పడకుండా చేరిన ఒక ఘనుడు, పక్కనే ముసలమ్మ జ్వరంతో మూలుగుతుంటే హాయిగా నిద్రపోయాడు. "రాళ్లకు మనిషి కనపడడు, భంతే. మనిషిని మొత్తంగా చూసి తీసుకుందాం," అన్నాడు రేవతుడు. మాట సబబుగానే ఉంది. గురువు ఎంపిక అతనికే అప్పగించాడు.

మొత్తంగా చూడటం! వినడానికి ఎంత బాగుందో. అలా చూసి తీసుకున్నవాళ్లలో షావుకారు కొడుకున్నాడు, గ్రామాధికారి మేనల్లుడున్నాడు. అందరూ చేతులు కట్టుకుని మెత్తగా మాట్లాడేవాళ్లే. తోలు పని వాళ్ల పేట నుంచి వచ్చిన ఎల్లన మాత్రం లేడు. తడుముకోకుండా అన్నీ అప్పజెప్పినా లేడు.

అందుకే అతను వాకిట్లో కూర్చున్నాడు. "నాలో ఏం తక్కువ చూశారో చెప్పండి, వెళ్లిపోతాను," అన్నదొక్కటే అతని మాట. "నిన్ను మొత్తంగా చూశాం నాయనా," అన్నదొక్కటే రేవతుడి జవాబు.

"మొండివాడు, భంతే! ఇలాంటివాడు రోగులతో ఎలా నెగ్గుకొస్తాడు?"

"ఆ మొండితనం నువ్వు కాదన్న తర్వాత కదా వచ్చింది," అన్నాడు గురువు.

ఇంతలో భోజనం గంట మోగింది. ఆరోజు గురువే గరిటె పట్టుకున్నాడు. వరసగా అందరికీ జావ పోసుకుంటూ వచ్చాడు. రేవతుడి ముందు ఆగి, అతన్ని ఎగాదిగా చూసి, పోయకుండా ముందుకు వెళ్లిపోయాడు.

"భంతే, నాకు?"

"నీకు లేదు."

"ఎందుకని?"

"నిన్ను మొత్తంగా చూశాను."

రేవతుడి మొహం జేవురించింది. పాత్ర ఠక్కున కింద పెట్టి లేచాడు.

"తెల్లారింది మొదలు రోగులకు కట్లు కట్టాను. నీళ్లు మోశాను. ఏం తప్పు చేశానో చెప్పకుండా పస్తు పెట్టడం ఏం న్యాయం? నాలో ఏం చూశారో చెప్పండి!"

"కోపం వచ్చిందా?"

"రాదా మరి!"

"అతనికీ వచ్చింది."

రేవతుడు మళ్లీ కూర్చున్నాడు. కోపం ఇంకా పోలేదు. "అయితే మళ్లీ రాళ్లే లెక్కపెట్టమంటారా? ఆ నిద్రపోయినవాణ్ణి మరిచిపోయారా?"

"మరిచిపోలేదు. రాళ్లు గుడ్డివే. కాని వాటికి బావమరుదులు లేరు," అన్నాడు గురువు. "మనిషిని చూడాల్సిందే, చూడు. కాని ఏం చూశావో అతనికి చెప్పగలిగేలా చూడు. సరే, ఎల్లనలో ఏం చూశావు?"

"నడవడి..." అన్నాడు రేవతుడు. "ఏం చేశాడు?" అడిగాడు గురువు.

"మాట తీరు..." "ఏమన్నాడు?" అడిగాడు గురువు.

రేవతుడు తల దించుకున్నాడు.

"దగ్గరికి రాగానే పచ్చితోలు కంపు కొట్టింది, భంతే. ఆ తర్వాత నేనేమీ చూడలేదు."

గురువు అతని పాత్ర తీసి, నిండా జావ పోసి చేతికిచ్చాడు.

"నాకెందుకు చెబుతావు? తిని వెళ్లి, అతనికి చెప్పు."