మిట్ట ఎక్కని కొత్త కారు

ఆ సంస్థానంలో వల్లకాటి పక్కనుంచి ఏ బండి పోయినా మనిషి నడకతోనే పోవాలి. అది పోయినవాళ్లకిచ్చే మర్యాద. అలా నెమ్మదించగానే చిన్నదొర కొత్త కారు ఎదురుమిట్ట ఎక్కలేక రోజూ ఆగిపోతోంది.

"మీవాళ్ల దయ్యాలే వెనక్కి లాగుతున్నాయి. రేపు సమాధులన్నీ దున్నించేస్తాను!" అన్నాడు దొర, కాటికాపరి సూరీడమ్మతో. ఆమె మొగుడు నిద్రపోతున్నదీ ఆ సమాధుల్లోనే.

డ్రైవరు జోగులు ఆమె చెవిలో గొణిగాడు: "దీని ఇంజనులో పిస్టను వెడల్పు, కానీ అది కిందికీ పైకీ ఆడే దూరం తక్కువ. జోరు మీదుంటేనే బలం. పోయిన ఈయన తండ్రి, పెద్దదొర పాత కారు పిస్టను సన్నం, ఆడే దూరం ఎక్కువ. నిదానంగా తిరిగినా మిట్ట లాగేస్తుంది. ఈ మాట నేనంటే నా ఉద్యోగం ఊడుతుంది."

సూరీడమ్మ చేతులు కట్టుకుని నిలబడింది.

"దొరా, మావాళ్లు బతికుండగా తమరి బండి నీడ తొక్కడానికే హడలిపోయేవారు. తమరిని ఆపే అధికారం ఇక్కడ ఒక్కరికే ఉంది." ఆమె పెద్దదొర పాలరాతి సమాధి వైపు చూసింది. "తన కారేదని అడుగుతున్నారేమో. దున్నిస్తే అదీ దున్నించాలి మరి."

దొర గబుక్కున జోగులు వైపు తిరిగి, "రేపు పాత కారు తియ్యి" అన్నాడు.

మర్నాడు మంచులో పాత కారు డగ్ డగ్ మంటూ, నత్తలా పాకుతూ మిట్టెక్కింది. తండ్రికి దణ్ణం పెట్టుకోవడానికి దొర ఇంజను ఆపించాడు.

ఇంజను ఆగినా ఆ డగ్ డగ్ ఆగలేదు. పాలరాయి అడుగునుంచి నిదానంగా వస్తూనే ఉంది.

సూరీడమ్మ సమాధికి చేతులు జోడించింది.

"ఊరికే అన్నాను పెద్దదొరా!"