పొగలకొండ మీద అరవయ్యో పొగ

పొగలకొండకు రోజుకు ఒకటే బస్సు. ఈ చిన్న పుస్తకం మొదటి ముద్రణలో మూడు బస్సుల వేళలు ఇచ్చాము, రెండో ముద్రణలో రెండు ఇచ్చాము. ఇప్పుడు మిగిలిన ఒక్కటీ ఉదయం తొమ్మిదింటికి కింది పట్నంలో బయలుదేరి, పదకొండున్నరకు కొండ కింద దించుతుంది. మళ్లీ నాలుగింటికి వెళ్లిపోతుంది. అది తప్పిన భక్తులు గుడి వసారాలో పడుకోవలసిందే. చాపలు ఉన్నాయి, దోమల బెడద లేదు. దోమలకు కూడా ఇక్కడ కావలసినంత మంది దొరకరు.

పటంలో చూస్తే మా మండలం చాలా పెద్దది. తూర్పు కొస నుంచి పడమటి కొసకు నలభై రెండు కిలోమీటర్లు. ఎర్రమట్టి నేల, గుండ్రాళ్లు, బోద గడ్డి, అక్కడక్కడ తుమ్మ, రేగు. వాన తక్కువ, గాలి ఎక్కువ. ఆ గాలి కోసమే ఇప్పుడు మిట్టల మీద వరుసగా గాలిమరలు నిలబెట్టారు. వాటిని లెక్కపెట్టినంత సులువుగా మనుషులను లెక్కపెట్టలేము, ఎందుకంటే కనబడరు. మండలం జనాభా తొమ్మిది వేలు, అందులో ముప్పాతిక మంది కింది రోడ్డు పక్కనున్న రెండు ఊళ్లలోనే ఉంటారు. కొండ చుట్టూ విసిరేసినట్టున్న ఐదు పల్లెలను పైసీమ అంటారు. పైసీమ ఓట్లన్నీ కలిపినా పట్నంలో ఒక వీధి ఓట్లకు సరిపోవు. అందుకని ఎన్నికల్లో నిలబడ్డ ప్రతి నాయకుడూ ఇక్కడికి ఒకే ఒక్కసారి వస్తాడు, గుడిలో తల్లి ముందు టెంకాయ కొడతాడు, రోడ్డు వేయిస్తానని మాటిస్తాడు. ఏ పార్టీ అని అడగనక్కరలేదు. అన్ని పార్టీల టెంకాయలూ మేము తిన్నాము.

గర్భగుడిలో విగ్రహం లేదు. మూడు పొయ్యిరాళ్లు, వాటి మధ్య బూడిద, అంతే. కొత్తగా వచ్చిన వారు లోపలికి తొంగి చూసి, అమ్మవారు ఎక్కడ పూజారీ అని అడుగుతారు. ముప్పై ఏళ్లుగా ఆ ప్రశ్నకు జవాబు చెప్పీ చెప్పీ గొంతు పోయింది. అందుకే ఈ కథను అచ్చు వేయించాను.

పూర్వం ఇక్కడ రంగప్ప నాయడనే పాళెగాడి ఏలుబడి సాగేది. పైసీమ ప్రజలకు గొర్రెల మందలే ఆస్తి. మందకు మేత కావాలి గనుక ఇళ్లు దూరదూరంగా ఉండేవి, ఒక వాకిట వేసిన కేక ఇంకో వాకిటికి వినబడేది కాదు. ఇంత విశాలమైన చోట ఇల్లిల్లూ తిరిగి మనుషులను లెక్కించే ఓపిక నాయని మనుషులకు లేకపోయింది. వారొక పద్ధతి పెట్టుకున్నారు. మూడేళ్లకు ఒకసారి, మాఘ పున్నమి మరునాడు తెల్లవారగానే, రాయసం, అంటే నాయని కొలువులో వ్రాతపని చూసే ఉద్యోగి, ఈ కొండ ఎక్కి కూర్చుని కింద లేచే పొయ్యి పొగలను లెక్కపెట్టేవాడు. ఒక పొగకు ఒక ఇల్లు. ఇంట్లో పదిమంది ఉన్నా, ఒంటరి ముసలి ఉన్నా పొగ ఒకటే.

అరవై పొగలు లేస్తే ఆ చోటు సీమ. దానికి సొంత చావడి, సొంత పెద్ద, నాయని కొలువులో మాట చెప్పుకునే హక్కు ఉండేవి. అరవైకి ఒక్కటి తగ్గినా అది వట్టి బీడు. బీడును నాయని గుర్రాల మేతకు కలిపేసి, అక్కడి మనుషులను కిందికి దింపి రేగడి చేలలో పాలేర్లుగా పెట్టేవారు. గొర్రెల వెంట గాలికి తిరిగిన వారికి అది ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు.

రెండేళ్లు వరుసగా వానలు పోయాయి. కొన్ని కుటుంబాలు మందలతో సహా దక్షిణానికి వెళ్లి తిరిగి రాలేదు. ఆ ఏటి లెక్కకు ముందు పైసీమ పెద్ద బూసన్న ఐదు పల్లెలూ తిరిగి ఇళ్లు చూసుకున్నాడు. సరిగ్గా అరవై తేలాయి. దొంగ పొయ్యి ఒకటి ముట్టిద్దామా అన్న ఆలోచన రాకపోలేదు. అయితే రాయసం గుర్రపువాళ్లు అనుమానం వచ్చిన పొగ దగ్గరికి పోయి చూసేవారు. ఇల్లు లేని పొయ్యి దొరికితే మొత్తం లెక్కనే కొట్టేసేవారు. కనుక ఉన్న అరవై ఇళ్లనే నమ్ముకున్నారు.

లెక్కకు ముందు రోజు ఉదయం పడమటి పల్లెలో సిద్దప్ప అనే కాపరి చనిపోయాడు. అతని భార్య కెంచక్క ఇరవై రోజులుగా జ్వరంతో ఉన్న భర్త పక్కనుంచి లేవలేదు. పిల్లలు లేరు. పైసీమలో చావు జరిగిన ఇంట్లో మూడో దినం దాటేవరకు పొయ్యి ముట్టించరు. చుట్టుపక్కల వారే సంకటి వండి తెచ్చి పెడతారు. ఈ ఆచారం ఇప్పటికీ ఉంది. ఆ ప్రకారం మరునాడు పైసీమ మీద లేచే పొగలు యాభై తొమ్మిదే.

సిద్దప్పను పూడ్చి వచ్చి జనమంతా బూసన్న వాకిట కూడారు. అంతలో కెంచక్క తడి చీరతోనే వచ్చి నిలబడింది.

"మామా, రేపు నా పొయ్యి ముట్టిస్తా" అన్నది.

"వద్దు కెంచీ. పీనుగ లేసిన ఇంట్లో పొయ్యి ముట్టిస్తే సీమకంతా అరిష్టం."

"సీమే ల్యాకుంటే అరిష్టం యాడికొచ్చాది మామా?"

జవాబు లేనప్పుడు పెద్దలు చేసే పనే బూసన్నా చేశాడు. "దుఃఖంలో ఏందేందో మాట్లాడుతుండావు, ఇంటికి పో" అని కసిరాడు. ఈ బూసన్న మా వంశానికి మూలపురుషుడు. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది. దాచిపెట్టడం ఇంకా సిగ్గు గనుక రాస్తున్నాను.

కెంచక్క ఇంటికి వచ్చి, చల్లారిన పొయ్యి పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. ఇరవై రోజుల నిద్ర ఒక్కసారి మీద పడింది. ఇంకా పొద్దు ఉండగానే కన్ను మూతపడి, ఆ కునుకులో ఒక కల వచ్చింది. మోచేతుల దాకా బూడిద అంటిన ఒక ముసలవ్వ ఎదురుగా గొంతుక్కూర్చుని ఉంది.

"మైల ఇంటికి గానీ నాకెక్కడిదే? పొయ్యిరాళ్లు పెరికి కొండ మీదికి తే. అక్కడ ముట్టించు" అన్నది అవ్వ.

పెరికిన పొయ్యిరాళ్లను తిరిగి ఆ ఇంట్లో పెట్టకూడదు. ఇల్లు ఎత్తేసి పోయేటప్పుడే వాటిని పెరుకుతారు. ఆ సంగతి కెంచక్కకు కలలో కూడా గుర్తుంది.

"రాళ్లు పెరికితే నా ఇల్లేమయితాది అవ్వా?" అని అడిగింది.

అవ్వ "ఇల్లు పోతాది" అన్నదట. దేవతలు సాధారణంగా ఇంత ఉన్నదున్నట్టు చెప్పరు. ఈ తల్లి మీద మాకు గురి కుదిరింది అందుకే.

తెల్లవారుతుండగా కెంచక్క పొయ్యిరాళ్లు పెరికింది. రెండు రాళ్లూ నీళ్లకుండా గంపలో పెట్టుకుని, ఒక రాయి చంకన పెట్టుకుని, మధ్య మధ్య కూలబడుతూ కొండ ఎక్కింది. అప్పటికే రాయసం సింగరయ్య కొండ కొసన కూర్చుని ఉన్నాడు. వయసు మళ్లినవాడు, మోకాళ్ల నొప్పులవాడు. మూడుసార్లు లెక్కపెట్టాడు. మూడుసార్లూ యాభై తొమ్మిదే వచ్చింది. పక్కన బూసన్న చేతులు కట్టుకుని తల వంచుకున్నాడు. రాయసం తాటాకు మీద గంటం పెట్టబోతుండగా వెనక నుంచి కట్టెల వాసన తగిలింది. తిరిగి చూస్తే మూడు రాళ్ల పొయ్యి, దాని ముందు ఒక ఆడమనిషి.

"ఎవరిదమ్మా ఈ పొగ?" అన్నాడు రాయసం.

"నాదే సామీ. నా మొగుడు నిన్న పాయ. ఇంట్లో ముట్టించకూడదని పొయ్యిని ఈడికి తెచ్చుకున్న్యా. ఇల్లు కిందుండాది, సూసుకోండి."

"ఏమి వండుతున్నావు?"

"నీళ్లు కాగుతుండాయి."

"ఎవరి కోసం?"

"ఎవురికోసం సామీ, ఎవురుండారు? లెక్కకోసం."

అప్పుడే మహిమ జరిగిందని పెద్దలు చెబుతారు. రాయసం తలపాగా ఎగిరిపోయేంత గాలిలో ఆ పొగ మాత్రం చెదరక గుంజలాగా నిటారుగా నిలిచిందనీ, అది చూసి రాయసం లేచి దండం పెట్టి అరవై అని రాశాడనీ కథ. నా మట్టుకు నాకు రాయసం కూడా బాగా అలసిన మనిషేననీ, తనకన్నా అలసిన మనిషిని చూసి ఒకటి కలిపాడనీ తోస్తుంది. భక్తులు తమకు నచ్చినట్టు నమ్మవచ్చు. లెక్క అరవై అయింది, పైసీమ నిలిచింది.

కెంచక్క ఇల్లు నిలవలేదు. పొయ్యి లేని ఇంటికి ఆమె తిరిగి పోలేదు, అది రెండు వానలకు కూలింది. ఆమె కొండ మీదే పాక వేసుకుంది. మూడో దినం గడిచాక బూసన్న కట్టెలమోపు నెత్తిన పెట్టుకుని వచ్చి ఆమె ముందు దించాడు. తప్పయిందని నోటితో అనలేకపోయాడట. కెంచక్క మోపు వైపు చూసి, "రేపు గూడా తే మామా" అన్నదట. అప్పటి నుంచి నేటి వరకు మా ఇంటివాళ్లం కట్టెలు మోస్తూనే ఉన్నాము. ఆమె కాలం చేశాక జనం ఆ మూడు రాళ్లకే మొక్కారు. అవ్వా కెంచక్కా ఒక్కటేనని, పొగలమ్మ అని పిలుచుకున్నారు.

పాళెగాళ్లు పోయారు, గుర్రాలు పోయాయి. మాఘ పున్నమి మరునాటి లెక్క మాత్రం మేము మానలేదు, ఇప్పుడు ఏటేటా చేస్తున్నాము. ఆ పొద్దు గ్యాసు ఉన్న ఇల్లు కూడా వాకిట మూడు రాళ్లు పెట్టి కట్టెలతో పొయ్యి ముట్టిస్తుంది. తాళం పడిన ఇంటి ముందు పక్కింటివారు ముట్టిస్తారు. చావు మైల ఉన్న ఇంటికి బదులు గుడిపొయ్యి ముట్టిస్తారు. పూజారి కొండ కొసన నిలబడి పొగలు లెక్కపెట్టి తల్లికి గట్టిగా వినిపిస్తాడు. గుడిపొయ్యి బూడిద మూటగట్టి గడపకు కట్టుకుంటే ఆ ఇల్లు పాడుబడదని నమ్మకం. బతుకుదెరువుకు ఊరు దాటేవారు తప్పకుండా అడిగి తీసుకుపోతారు. ఈ మధ్య బూడిద చాలడం లేదు.

ఈ ఏటి లెక్కకు మండలం ఆఫీసు నుంచి ఒక అధికారి వచ్చింది. పైసీమను విడి పంచాయతీగా ఉంచాలా, కింది ఊరిలో కలిపేయాలా తేల్చడం ఆమె పని. చిన్న వయసే గాని మర్యాద తెలిసిన పిల్ల, చెప్పులు కింద విడిచి కొండ ఎక్కింది. నేను లెక్కపెట్టి డెబ్బై ఒకటి అని తల్లికి వినిపించాను.

"వీటిలో మనుషులున్న ఇళ్లు ఎన్ని తాతా?" అని అడిగింది.

చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. తల్లి ముందు నిలబడి అబద్ధం ఎలా ఆడను? వేళ్లు మడిచి చూసుకుని "నలభై నాలుగమ్మా" అన్నాను. రాసుకుంది. అది చాలదని ఆమె ముఖమే చెప్పింది. కాసేపటికి గుడిపొయ్యి వైపు తిరిగి "ఇది ఎవరింటి కోసం ముట్టించారు?" అన్నది.

"మా ఇంటికమ్మా. మా ఇంటిది ఓబులమ్మ పోయి ఇది రెండో రోజు."

"నలభై నాలుగులో మీ ఇల్లు కలిపారా?"

కలపలేదు. ఓబులమ్మ లేని ఇంటిని మనుషులున్న ఇల్లని నాకు తోచనే లేదు. ఆ మాటే చెప్పాను.

"మీరున్నారు కదా తాతా" అని ఆ పిల్ల అంకె కొట్టేసి నలభై ఐదు అని రాసింది.

నలభై ఐదూ చాలదు. ఉత్తర్వు ఇంకా రాలేదు, వచ్చినా మేము ఆశ్చర్యపోము. వచ్చే మాఘంలో లెక్క ఉంటుంది, కట్టెలు నేనే మోస్తాను. ఈ కథ చదివిన వారి ఇంట్లో ఎందరు మిగిలినా, ఒక్కరే మిగిలినా, పొగలమ్మ తల్లి ఆ ఇంటిని లెక్కలో ఉంచుగాక.