మంట అంటే పరుగెత్తిన మేస్త్రి

ఒకప్పుడు మన ఒంట్లో కట్టిన గోడ అలాగే ఉండిపోయేది కాదు. అవసరం తీరగానే కూల్చేసేవాళ్ళు. అల్లరి ఆపి వినండర్రా, ఇది నవ్వుకునే కథ కాదు. మా సుభద్రక్కని తీసుకుపోయిన గోడ కథ.

పొట్ట వెనకాల క్లోమం అనే ఊరుంది. మీరు తిన్న అన్నం అరగడానికి రసం పంపేది ఆ ఊరే. అక్కడి మనుషులు కంటికి కనపడనంత చిన్నవాళ్ళు. వాళ్ళని కణాలంటారు. వాళ్ళలో చుక్కయ్య తాపీ మేస్త్రి. ఆకాశంలో చుక్కలాగా అన్ని పక్కలా చేతులే! పని లేనప్పుడు నూనె బుడ్డి ఒళ్ళో పెట్టుకుని కునుకు తీసేవాడు.

ఎవరికైనా దెబ్బ తగిలితే "మంట! మంట!" అని కేక పెట్టేవాళ్ళు. అంతే, చుక్కయ్య నూనె బుడ్డి పారేసి, తాపీ పట్టుకుని పరుగెత్తేవాడు. గాయం చుట్టూ గోడ కట్టేవాడు. కేక ఆగాక గోడ కూల్చి ఇంటికెళ్ళేవాడు. మంట అన్నవాణ్ణి నువ్వెవరని అడగకూడదు. అది మేస్త్రుల కట్టుబాటు.

ఆ ఊళ్ళోనే వంకరయ్య అనేవాడు చెడిపోయాడు. తిండికి హద్దు లేదు, సంతానానికి హద్దు లేదు. ఊరికి కాపలా తిరిగే తెల్లయ్య వాణ్ణి కనిపెట్టాడు. తెల్లయ్య ఎవరో కాదు, చుక్కయ్య చెల్లెలి మొగుడు. "నీ సంగతి తేలుస్తానుండు!" అని ఈటె పట్టుకుని బయల్దేరాడు.

వంకరయ్యకి పై ప్రాణాలు పైనే పోయాయి. "మంట! మంట!" అని అరిచాడు.

చుక్కయ్య వచ్చేశాడు. పాడు కట్టుబాటు, ఒక్క మాటైనా అడగలేదు! వాడి చుట్టూ ఇటుకలు పేర్చాడు. ఆ దొంగవెధవ కేక ఆపితేగా? విని విని చుక్కయ్యకీ అదే నోటికి పట్టింది. తనూ "మంట!" అనడం మొదలెట్టాడు. అది విని మిగతా మేస్త్రులూ వచ్చి, వాళ్ళూ అరిచారు. ఆ కేకలే తిండిగా వంకరయ్య ఇంకా బలిశాడు.

"బావా! లోపలున్నది దొంగ! దారియ్యి!" అని తెల్లయ్య బయటినుంచి గోడ బాదాడు.

"గాయం మానలేదు బావా. మంటంటున్నారు, వినపడటం లేదా?"

"అంటున్నది నువ్వే కద బావా!"

చుక్కయ్య చెవి ఒగ్గి విన్నాడు. నిజమే, తన గొంతే. గోడ కూల్చడానికి చెయ్యెత్తాడు. సరిగ్గా అప్పుడే వెనకనుంచి మేస్త్రులంతా "మంట! మంట!" అన్నారు.

ఎత్తిన చెయ్యి ఇటుక అందుకుంది. ఏడుస్తూనే పెట్టాడు. తెల్లయ్య మొహం కనపడుతున్న ఆఖరి కంత కూడా మూసుకుపోయింది.

అప్పటినుంచే క్లోమంలో వంకరయ్య లాంటివాళ్ళు పెరిగి కణితి పుడితే దాని చుట్టూ అంత గట్టి గోడ లేస్తోంది. మా సుభద్రక్కకి జరిగినట్టే, డాక్టరుగారు పంపిన మందు కూడా అంత దూరం వెళ్ళి, లోపలికి పోలేక, ఆ గోడ బయటే ఆగిపోతోంది, తెల్లయ్య పక్కన.