నయోమమ్మ తోడు

ఏ తాతల నాటి మాటో నాకు తెలీదు, మీరూ అడక్కండి. ఏటి ఒడ్డున, పొద్దున్నే మంచులో ఇళ్ళు తేలుతున్నట్టు కనిపించే పల్లె ఒకటి. అందులో నయోమమ్మ అనే ముసలమ్మ. పిల్లా జెల్లా లేరు. ఉన్నదల్లా ఓ గేదె, ఓ పెరుగు ముంత.

ఆ ముంతలో తోడు వాళ్ళమ్మ ఇచ్చింది. కాపరానికి పంపుతూ, "మా అమ్మమ్మ నాటిదే ఇది, చావనీకు తల్లీ" అంది. నయోమమ్మ చావనిస్తుందా! రోజూ పాలు కాచేది, గోరువెచ్చన కాగానే తోడు వేసేది, మూత పెట్టి "పడుకోమ్మా" అనేది.

దీపాలు పెట్టాక పెరుగు గడప దాటితే ఇంటి కలిమి పోతుందని ఆ ఊరివాళ్ళ భయం. నయోమమ్మకి అదేం లేదు. దీపాల వేళ వలలల్లే వీరమ్మ తోడుకని గిన్నె పట్టుకొచ్చింది. "పిసరు చాలు, పట్టుకుపో" అని వేసిచ్చింది నయోమమ్మ. పడవ సోమయ్య పెళ్ళాం వచ్చింది. "పిసరు చాలు, పట్టుకుపో." కుండలు చేసే అచ్చాయమ్మ వచ్చింది. ఆమెకీ అదే మాట.

"నీకేమైనా మతి పోయిందా? ఉన్నది కాస్తా పోతుంది" అని ఊరు ఊరంతా కసిరింది.

పోనే పోయింది! ఓ ఎండాకాలం గేదె చచ్చిపోయింది. ఆ వెంటనే పిల్లి ముంతని దొర్లించేసింది. పెంకుల ముందు కూలబడి ముసలమ్మ గుండెలు బాదుకుంది. "అమ్మా, నా చేతులారా చంపేశానే!" అంటూ మంచం పట్టింది.

చర్చి అయ్యగారు చూడొచ్చారు. "గ్రీకులో ఓ మాటుందమ్మా, అఫ్తర్సియా అని. కుళ్ళిపోనిది, చావు ముట్టుకోలేనిది అని అర్థం" అన్నారు.

"పాలు విరుగుతాయి, ముంత పగులుతుంది. అలాంటిది ఎక్కడుందయ్యగారూ?"

"ఉందమ్మా. మన కంటికి ఆనదు, అంతే."

ఆ సాయంత్రం అచ్చాయమ్మ పెరుగన్నం తెచ్చి ఓ ముద్ద నోట్లో పెట్టింది. నయోమమ్మ కళ్ళు మూసుకుంది. పుట్టింటి వంటిల్లు కనిపించింది. పొయ్యి దగ్గర అమ్మ కూర్చుని ఉంది.

"ఎక్కడిదే ఈ పెరుగు?"

"నువ్విచ్చిన పిసరే కదా పిన్నీ! రోజూ దాంతోనే తోడేస్తున్నా. ఏటవతల మా అక్కకీ ఇచ్చా."

"పాలు నీవి, కుండ నీది..."

"తోడు నీది, పిన్నీ."

ముసలమ్మ కళ్ళంట నీళ్ళు కారాయి. "అమ్మా, చావలేదే!" అని నవ్వి, నిద్రపోయింది. మళ్ళీ లేవలేదు.

ఇప్పటికీ ఆ ఏటికి రెండు వైపులా సందెవేళ తోడడిగితే ఎవరూ కాదనరు. "నయోమమ్మది, పిసరు చాలు, పట్టుకుపో" అంటారు. తెచ్చుకున్నవాళ్ళు పాలల్లో వేసి, మూత పెట్టి "పడుకోమ్మా" అంటారు. తెల్లారి మూత తీస్తే, గట్టిగా తోడుకుని ఉంటుంది.