కొండ దాటని కేక

అనగనగా కాలిపోయిన ఒక అడవిలో పొడలమ్మ అనే దుప్పి ఉండేది. ఆమెకు చెంగి అనే పిల్ల ఉండేది. ముందే చెబుతున్నాను పిల్లలూ, ఇది నవ్వుకుంటూ వినే కథ కాదు. అయినా వినాలి. మధ్యలో లేచి వెళ్ళిపోతే ఒప్పుకోను.

ఆ ఎండాకాలం కార్చిచ్చు వచ్చి అడవినంతా ఊడ్చిపెట్టింది. గడ్డి పోయింది. పొదలు పోయాయి. వాగు గట్టు మీది వెదురు కూడా మాడిపోయింది. గుట్ట మీద నల్లమద్ది చెట్టు ఒక్కటే మిగిలింది. మేత లేక పొడలమ్మ పొదుగు ఎండిపోయింది. చెంగి ఎంత చీకినా చుక్క పాలు రావడం లేదు. వానలు పడి గడ్డి మొలిచేదాకా ఆ పిల్లను ఎలాగోలా బతికించుకోవాలి. పొడలమ్మకు అంతకుమించి వేరే ధ్యాస లేదు.

కొండకు అవతలి అడవిలో ఏనుగులు ఉండేవి. వాటికి పెద్ద ఏనుగమ్మ. ఇవతలి అడవి కాలిపోయిందని విని ఆమె మనసు కలుక్కుమంది.

"తల్లులకూ పిల్లలకూ మేత మేం పంపుతాం," అంది.

అన్నట్టే పంపింది. ఏనుగులు పచ్చగడ్డి పీకి, మోపులు కట్టి, కొండ దాటించి, వాగు ఒడ్డున దింపి వెళ్ళేవి. వాటిని పంచే పని ఎవరికి ఇవ్వాలా అని అందరూ ఆలోచించారు. కోరలయ్య అనే అడవిపంది ముందుకొచ్చాడు. ఒళ్ళు పెద్దది, గొంతు పెద్దది, బంధుబలగమూ పెద్దదే. "నాకెందుకమ్మా ఈ భారం! మీరంతా అడుగుతున్నారు కాబట్టి ఒప్పుకుంటున్నాను," అన్నాడు. నిజానికి అతన్ని ఎవరూ అడగలేదు.

మొదటి మోపులు తెచ్చిన రోజు ఏనుగమ్మ అందరినీ పిలిచి చెప్పింది.

"మేం కట్టే మోపు పైనుంచి లోపలిదాకా పచ్చిగానే ఉంటుంది. తీసుకునేటప్పుడు అక్కడే విప్పి చూసుకోండి. లోపల ఇంకేమైనా ఉంటే, మధ్యలో ఎవరో కాజేసినట్టు. అప్పుడు ఊరుకోకండి. పులి వస్తే మీరు వేస్తారు చూడండి ఒక కేక, ఆ కేకే వేయండి. మేం వస్తాం."

ఆ కేక సంగతి మీకు చెప్పాలి. పులి వాసన తగిలితే కింద దుప్పి అరుస్తుంది. ఆ అరుపు దగ్గరి వాళ్ళకే వినిపిస్తుంది. అప్పుడు చెట్టు మీది కొండముచ్చు దాన్ని అందుకుని పెద్ద గొంతుతో మళ్ళీ అరుస్తాడు. అది కొండ దాటి పోతుంది. ఎందుకు అరిచావని కింది వాళ్ళను పైవాడు అడగడు. ముందు అరుస్తాడు, తర్వాత అడుగుతాడు. తాతల నాటి నుంచి ఆ అడవి బతికింది అలాగే.

అయితే ఆ అడవిలో ఇంకో మర్యాద కూడా ఉండేది. ఎవరైనా ఏదైనా పెడితే తలవంచి పుచ్చుకోవాలి. పెట్టినవాళ్ళ ఎదుట విప్పి చూడకూడదు. చూస్తే వాళ్ళను అనుమానించినట్టు. అనుమానిస్తే మొహం మీద తిట్టినట్టు. అందుకని ఏనుగమ్మ చెప్పింది అందరూ విన్నారు, తలలూపారు, మోపులు విప్పకుండానే ఇళ్ళకు మోసుకుపోయారు. మర్యాదస్తులు కదా!

పొడలమ్మ కూడా అలాగే మోసుకుపోయింది. ఇంటికెళ్ళి విప్పింది. పైన ఒక పొర పచ్చగడ్డి. లోపలంతా బూడిద పట్టిన ఎండు దుబ్బులు.

"నా ఖర్మ ఇలా ఉంది. ఎవరికీ రాని మోపు నాకొచ్చింది," అనుకుంది. పై పొర తాను తిన్నది. దుబ్బులు ఒక మూలకు నెట్టింది.

ఆ తర్వాతి మోపూ అంతే. ఆ తర్వాతిదీ అంతే. అప్పుడిక తన ఒక్కదాని ఖర్మ కాదని ఆమెకు అర్థమైంది. పక్క బొరియలో ఉండే కుందేలు దగ్గరకు వెళ్ళింది.

"అక్కా, నీ మోపులో ఏముంటోంది?"

కుందేలు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "నీకేముంటోందో నాకూ అదే. పైన పచ్చ, లోపల బూడిద."

"మరి చెబుదాం పద. ఇద్దరం చెబితే నమ్ముతారు."

"అమ్మో, నేను రాను తల్లీ! ఆ పై పొరైనా దక్కుతోంది. దాంతోనే నా పిల్లలు లాక్కొస్తున్నారు. కోరలయ్యకు కోపమొస్తే అదీ ఉండదు."

పొడలమ్మ ముళ్ళపంది దగ్గరకు వెళ్ళింది. మోపుల గుట్టకు కాపలా అతనిదే.

"అన్నా, నీ కళ్ళ ముందే కదా ఉంటాయి మోపులు. లోపలి గడ్డి ఎవరు తీస్తున్నారు?"

"నా పని దొంగలు రాకుండా చూడడం," అన్నాడు ముళ్ళపంది.

"దొంగలు వచ్చారా?"

"బయటివాళ్ళెవరూ రాలేదు."

"మరి లోపలివాళ్ళు?"

"అది నా పని కాదమ్మా," అని ముళ్ళు విదిలించుకుని పక్కకు తిరిగాడు. అతని మూతికి పచ్చగడ్డి అంటుకుని ఉంది.

ఇక మిగిలింది నల్లమద్ది మీది కొండముచ్చు. పేరు తోకరాయుడు. ఆ అడవిలో కొండ దాటే గొంతు ఆయనదొక్కటే. పొడలమ్మ గుట్ట ఎక్కేసరికి రొప్పొచ్చింది. చెంగి ఆమె వెనక నడవలేక కింద బండ నీడలో పడుకుండిపోయింది.

"మామా, నువ్వు పైనుంచి అన్నీ చూస్తుంటావు. మా మోపులకు ఏమవుతోందో నీకు తెలియదా?"

తోకరాయుడు ఒకసారి వాగు వైపు చూశాడు. తర్వాత అన్నాడు. "తెలుసమ్మా. వాగు ఒడ్డున ఉన్న పెద్ద బండ వెనక కోరలయ్య బలగం వాళ్ళు మోపులు విప్పుతారు. లోపలి పచ్చి తీసి దాచుకుంటారు. దుబ్బులు కూరి మళ్ళీ కడతారు."

"మరి కేక వెయ్యి మామా! ఏనుగులు దిగే వేళ కోరలయ్య బలగం మమ్మల్ని వాగు దగ్గరకు రానివ్వదు, చెంగిని వదిలి నేను కొండ దాటలేను. నేను అరిస్తే వాగు కూడా దాటదు. నీ గొంతైతే ఏనుగమ్మకు వినిపిస్తుంది."

"వేస్తే ఏమవుతుందో ఆలోచించావా? మనల్ని చూసి ఏనుగులకు అసహ్యం పుడుతుంది. మీరంతా దొంగలే పొండి అని అసలు పంపడమే మానేస్తే? ఆ పై పొర కూడా పోతుంది. అందరి మంచి కోరే ఊరుకున్నానమ్మా. వానలు ఎంతో దూరం లేవు. ఓర్చుకో."

"నేను ఓర్చుకుంటాను మామా. చెంగి ఓర్చుకోలేదు."

తోకరాయుడు పై కొమ్మకు జరిగాడు. చెట్టు మొదట్లో మగ్గిన వెలగపండ్లు కుప్పగా ఉన్నాయి. కార్చిచ్చుకు ముందు దాచుకున్నవాటిలోంచి కోరలయ్య పంపినవే. నేను ఒక మాట చెబుతాను పిల్లలూ. తోకరాయుడు అబద్ధం ఆడలేదు. ఏనుగులు మేత ఆపేస్తాయని నిజంగానే భయపడ్డాడు. వెలగపండ్లు తిన్నదీ నిజమే. రెండూ ఒకే కడుపులో ఉండగలవు.

పొడలమ్మ గుట్ట మీద నిలబడి తానే అరిచింది. గొంతు పోయేదాకా అరిచింది. ఎవరూ అందుకోలేదు. ఆ అడవి పుట్టాక ఒక దుప్పి కేకను కొండముచ్చు అందుకోకపోవడం అదే మొదలు.

కొన్నాళ్ళకు ఏనుగమ్మ ఒక కొంగను పంపింది. మేత అందరికీ సరిగా అందుతోందో లేదో చూసి రమ్మంది. కొంగ వస్తున్నట్టు కోరలయ్యకు ముందే తెలిసింది. వాగులో మిగిలిన చేపలన్నీ ఒక మడుగులోకి తోలించి పెట్టాడు. కొంగ వచ్చీ రాగానే అటు తీసుకుపోయాడు. కొంగ కడుపారా తిని, ఆవులిస్తూ వాగు ఒడ్డుకు వచ్చి నిలబడింది. ఎవరి ఇంటికీ వెళ్ళి చూడలేదు.

"మేత అందుతోందా?" అని అడిగింది.

"అందుతోంది," అన్నారు అందరూ.

"ఎవరికైనా ఇబ్బంది ఉందా?"

అందరూ నేల చూశారు. పొడలమ్మ ఒక్కతే ముందుకొచ్చింది.

"ఉందయ్యా. మోపుల్లో పైన మాత్రమే పచ్చిగడ్డి ఉంటోంది. లోపల బూడిద దుబ్బులు కూరుతున్నారు. కావాలంటే ఇప్పుడే ఒకటి విప్పి చూడండి."

అందరూ నోళ్ళు నొక్కుకున్నారు. పెట్టినవాడి ఎదుట మోపు విప్పుతుందట! సిగ్గు లేదా! కోరలయ్యకు మాత్రం కోపం రాలేదు. నవ్వాడు.

"విప్పమ్మా, విప్పు. నేనేమీ అనుకోను."

పొడలమ్మ నోటితో కట్టు లాగింది. పైన పచ్చి. లోపల పచ్చి. నడిమధ్యన కూడా పచ్చే. ఇంకోటి విప్పింది. అదీ పచ్చే. కొంగ వస్తున్న రోజున దుబ్బులు కూరేంత తెలివితక్కువవాడు కాదు కోరలయ్య.

పొడలమ్మకు తల కొట్టేసినట్టయింది. కుందేలు వైపు తిరిగింది. "అక్కా, నా ఇంటి దుబ్బులు ఒక్కటే చూపిస్తే నేనే తెచ్చిపెట్టుకున్నానంటారు. నీ బొరియలో దుబ్బులు ఇంకా ఉన్నాయి కదా. తెచ్చి చూపించవా?"

కుందేలు పిల్లల్ని దగ్గరకు లాక్కుంది. "మాకు బాగానే వస్తోందమ్మా," అంది.

పొడలమ్మ తలెత్తి నల్లమద్ది వైపు చూసింది. తోకరాయుడు అంతా చూస్తున్నాడు, అంతా వింటున్నాడు. ఒక్క మాట అంటే చాలు. ఆయన మాట కొంగ కాదనదు. ఆమె చూపు తగలగానే తోకరాయుడు అటు తిరిగి కొమ్మ మీది బెరడు గీక్కుంటూ కూర్చున్నాడు.

"ఆకలిగా ఉన్నప్పుడు కళ్ళకు అలాగే కనిపిస్తుంది," అంది కొంగ జాలిగా. కొండ దాటి ఎగిరిపోయింది.

ఆ మర్నాటి నుంచి పొడలమ్మ వరుసలో నిలబడితే కోరలయ్య ఆమెను దాటి వెనకవాళ్ళకు ఇచ్చేవాడు. "ఈమెకు మన మోపులు నచ్చవులే," అనేవాడు. కొందరు నవ్వేవాళ్ళు. వాళ్ళ మోపుల్లోనూ దుబ్బులే. అయినా నవ్వేవాళ్ళు.

పొడలమ్మ మూలకు నెట్టిన దుబ్బులే నమిలింది. నోరంతా కోసుకుపోయింది. పాలు రాలేదు. చెంగి మొదట గంతులు మానేసింది. తర్వాత లేవడం మానేసింది. ఒకరోజు పొద్దున పొదుగు దగ్గరకు తల చాపి, అలాగే ఉండిపోయింది.

పొడలమ్మ ఏడవలేదు. పిల్లను నాకుతూ నిలబడింది. ఎండ ఎక్కినా నాకుతూనే ఉంది. కుందేలు వచ్చి చూసి వెళ్ళిపోయింది. చివరికి తోకరాయుడు చెట్టు దిగి వచ్చాడు. దగ్గరకు రాలేక దూరంగా నిలబడ్డాడు.

"అమ్మా," అన్నాడు.

పొడలమ్మ అతని వైపు చూడనైనా చూడలేదు.

తోకరాయుడు వెనక్కి పరుగెత్తాడు. నల్లమద్ది చిటారు కొమ్మకు ఎక్కాడు. ఎన్నాళ్ళుగానో గొంతులో దాచుకున్న కేక వేశాడు. కొండ దాటింది. ఇంకోటి వేశాడు. అదీ దాటింది.

సాయంత్రం కాకముందే ఏనుగులు వచ్చేశాయి. అంత దగ్గరే, పిల్లలూ. ఒక్క పూట దూరం.

అప్పుడే పంచుతున్న ఒక మోపు మీద ఏనుగమ్మ కాలు వేసింది. మోపు పగిలి బూడిద లేచింది. ఆమె ఇంకేమీ అడగలేదు. కోరలయ్యనూ అతని బలగాన్నీ ముళ్ళపందినీ వాగు దాటించి, ఆ పైన ఇంకా ఎంతో దూరం తరిమింది. బండ వెనక దాచిన పచ్చగడ్డి బయటపడింది. సగం కుళ్ళిపోయి ఉంది. దొంగలు కూడా తినలేనంత దొంగిలించారన్నమాట.

తర్వాత ఏనుగమ్మ అందరి మధ్యా నిలబడింది.

"కొంగ చెప్పింది నమ్మి నేనూ తప్పు చేశాను. నేనే రావలసింది. అయినా రోజూ చెవులు ఇటే పెట్టుకుని ఉన్నాం. ఏ కేకా రాకపోతే మీ పిల్లలు కడుపునిండా తింటున్నారనుకున్నాం," అంది. చెట్టు వైపు తిరిగింది. "నీ గొంతు ఇంత బాగా వినిపిస్తుందే! మరి ఇన్నాళ్ళూ ఏమైంది నాయనా?"

"మీకు కోపమొచ్చి మేత ఆపేస్తారేమోనని, అమ్మా..."

"దొంగ ఉన్నాడని తెలిస్తే దొంగను ఆపుతాం. ఆకలితో ఉన్న పిల్లల మేత ఎందుకు ఆపుతాం?"

తోకరాయుడు తల దించుకున్నాడు. ఆ ప్రశ్న తనను తాను ముందే వేసుకుని ఉండాల్సింది. పోయింది ఒక్క చెంగే కాదు. ఆ వేసవిలో ఆ అడవిలో ఇంకెన్నో పిల్లలు లేవకుండా పోయాయి. వాటి తల్లులు ఆ రోజు దాకా ఎవరికీ చెప్పుకోలేదు.

మర్నాటి నుంచి మోపులు లోపలిదాకా పచ్చిగా వచ్చాయి. అందరూ వరుసలోనే విప్పి చూసుకున్నారు. ఎవరూ ఎవరినీ తప్పు పట్టలేదు. కుందేలు తన మోపులోంచి సగం తెచ్చి పొడలమ్మ ముందు పెట్టింది. పొడలమ్మ వద్దనలేదు, మెచ్చుకోనూ లేదు. తలవంచి తిన్నది. ఒంట్లోకి పచ్చి వెళ్ళింది కాబట్టి కొన్నాళ్ళకు పొదుగు నిండింది. పాలు కారి నేల తడిసేది. తాగే బిడ్డ లేదు.

నీతి: మోసం కంటబడిన రోజే కేక వేయాలి, ఒకరు కేక వేస్తే మిగతావాళ్ళు అందుకోవాలి. ఆలస్యంగా వేసిన కేక దొంగను తరుముతుంది గానీ, పోయిన బిడ్డను తిరిగి ఇవ్వదు.