తవిటయ్య మూడు కాయలు

అనగనగా, వీధులకు ఇంకా పేర్లు పెట్టని కాలంలో, ఒక కొండను చుట్టుకొని పెరిగిన మహానగరం ఉండేది. వైద్యశాల కొండ మీద ఉండేది. రోగులు కొండ కింద ఉండేవారు. నడవలేనివారిని డోలీలో పడుకోబెట్టి, వెదురుబొంగుకు ముందొకరు, వెనుకొకరు భుజం పెట్టి పైకి చేర్చేవారు.

ఆ పని కోసం తవిటయ్య అనే మనిషి దూరపు పల్లె నుంచి నడిచి వచ్చాడు. మోసేవారు దొరకక భార్యను పోగొట్టుకున్నవాడు. మరొకరికి అలా జరగకూడదనుకున్నాడు. అంతకు మించి అతడు ఎవరికీ ఏమీ చెప్పలేదు.

కొండదారి మొదట్లో ఒక ద్వారం. డోలీలన్నీ అక్కడే ఉండేవి. కాపలాదారు పేరు జగ్గప్ప.

“పేరు?”

“తవిటయ్యండి.”

“తవుడా? మాకు కావలసింది మోసేవాళ్ళు, ఎడ్లకు దాణా కాదు. ఏదీ, భుజం చూపించు.”

తవిటయ్య చూపించాడు.

“కాయ లేదే. భుజానికి కాయ కాచినవాడికే పని.”

“పని ఇస్తేనే గదా బాబూ కాయ కాచేది?”

“అది నా చేతిలో లేదు. మోతగాళ్ళ పెద్దను అడుగు.”

మోతగాళ్ళ పెద్ద భుజం చూపించమన్నాడు. “పని ఇస్తేనే గదా బాబూ కాయ కాచేది?” అన్నాడు తవిటయ్య. అది తన చేతిలో లేదనీ, నగరాధికారిని అడగమనీ అన్నాడు పెద్ద. నగరాధికారి భుజం చూపించమన్నాడు. “పని ఇస్తేనే గదా బాబూ కాయ కాచేది?” అది తన చేతిలో లేదనీ, ద్వారం దగ్గర జగ్గప్పను అడగమనీ అన్నాడు అధికారి. ఒకే మాటను మూడుసార్లు చెప్పడం నాకూ విసుగే. ఆ నగరం అతనిచేత మూడుసార్లు అడిగించింది గనుక చెప్పవలసి వచ్చింది.

తవిటయ్య కావడి ఎత్తుకున్నాడు. ఎండాకాలమంతా ఇంటింటికీ నీళ్ళు మోశాడు. భుజం పుండైంది, ఎండింది, కాయ కాచింది. ద్వారం దగ్గరికి వెళ్ళి పైపంచె తొలగించాడు. జగ్గప్ప వేలితో నొక్కి చూశాడు.

“ఇది కావడి కాయ. డోలీ కాయ వేరు.”

తవిటయ్య పెళ్ళిపల్లకీలు మోశాడు. రెండో భుజానికీ కాయ కాచింది.

“ఇది పల్లకీ కాయ. పెళ్ళికూతుర్ని మోయడం, రోగిని మోయడం ఒకటేనా?”

తవిటయ్య పాడెలు మోశాడు. కాయ మీద కాయ కాచింది. ఈసారి జగ్గప్ప ముట్టుకోలేదు, వెనక్కి జరిగాడు.

“పాడె మోసిన భుజంతో రోగి దగ్గరికి వస్తావా? బుద్ధుందా నీకు?”

“మరి నన్నేం చెయ్యమంటారు బాబూ?”

“కాయలన్నీ పోయాక రా.”

“అప్పుడు కాయ లేదంటారు గదా.”

“అంటాను. నిబంధన అది.”

తవిటయ్య ఆ ద్వారం ఎదుటనే కూర్చున్నాడు. ఎదురుచూసి చూసి కళ్ళు కాయలు కాచాయి. ఆ కాయలను కూడా ఎవరూ పరిగణించలేదు.

ఒకనాడు నగరాధికారి ఇంట పెళ్ళి. పల్లకీలు మోయడానికి డోలీ మోతగాళ్ళందరినీ పిలిపించారు. పల్లకీ వేరు, డోలీ వేరు అనే నిబంధన ఆ రోజు ఎవరికీ గుర్తు రాలేదు. మధ్యాహ్నం ఒక కుమ్మరి అవ్వ, ప్రసవం కష్టమైన కోడలిని బండిలో ద్వారం దాకా తెచ్చింది. బండి కొండ ఎక్కదు.

“నాయనా, డోలీ ఏదీ?”

“డోలీ ఉంది. మోసేవాళ్ళు లేరు. సాయంత్రానికి వస్తారు.”

“అందాకా ఆగమని కడుపులో బిడ్డకు నువ్వు చెప్తావా?”

తవిటయ్య లేచాడు. అవ్వా అతడూ కలిసి ఆమెను డోలీలో పడుకోబెట్టారు. అతడు ముందు కొన దగ్గర నిలబడ్డాడు.

“వెనక పట్టండి బాబూ.”

“నేనా? నాకు కాయ లేదు.”

తవిటయ్య ఓర్పు అక్కడితో అయిపోయింది.

“నాకు మూడున్నాయి. ఒకటి మీదనుకోండి. పట్టండి.”

జగ్గప్ప పట్టాడు. దారిలో మూడు మలుపులు. మొదటి మలుపులో దించుదామన్నాడు. “మీదనుకోండి. పట్టండి.” రెండో మలుపులో భుజం చీరుకుపోతున్నదన్నాడు. “మీదనుకోండి. పట్టండి.” మూడో మలుపులో ఏమీ అనలేదు. తల్లీ బిడ్డా దక్కారు.

మరునాడు నగరాధికారి విచారణకు వచ్చాడు. ఇద్దరి భుజాలూ చూశాడు. జగ్గప్ప భుజం మీద పచ్చిపుండు. “ఇదీ అసలైన డోలీ గుర్తు” అని మెచ్చుకొని, అతణ్ణి మోతగాడిగా నియమించాడు. తవిటయ్య భుజం ముందే మొద్దుబారింది గనుక కొత్త గుర్తు పడలేదు.

“నీకింకా అనుభవం చాలదు” అన్నాడు అతనితో.

“అయ్యా,” అన్నాడు జగ్గప్ప, “డోలీకి రెండు కొనలుంటాయి. రెండో కొనకు ఇతడే నా జోడీ. ఇతడు లేకపోతే నేనూ మొయ్యను.”

అధికారి ఆలోచించాడు. జోడీగా ఎవరు ఉండాలో చెప్పే నిబంధన ఏదీ లేదు. చేసేది లేక ఊరుకున్నాడు.

ఆ విధంగా తవిటయ్య తల నెరిసేదాకా కొండ ఎక్కాడు. చివరిదాకా అతణ్ణి ఎవరూ మోతగాడిగా నియమించలేదు. జగ్గప్ప జోడీగానే పోయాడు.

అతడు పోయిన రోజున మోతగాళ్ళందరూ వచ్చి దూరంగా నిలబడ్డారు. డోలీ మోసే భుజం పాడెకు తగలరాదు గదా. ముసలి జగ్గప్ప ఒక్కడే వెళ్ళి పాడె ముందు కొన పట్టుకున్నాడు. వెనక్కి తిరగకుండానే అన్నాడు:

“నా భుజాలూ కాయలు కాచాయి. ఒకటి మీదనుకోండి. పట్టండి.”

వాళ్ళు వచ్చి పట్టారు.

ఇక్కడికి కథ కొండెక్కింది. డోలీలూ పోయాయి. ఇప్పుడు ఆ దారిలో అంబులెన్సులు కూత పెట్టుకుంటూ వెళ్తాయి. ఆ పని అడగబోయినవారిని అనుభవం ఉందా అని ఇప్పటికీ అడుగుతారు. నగరం మారలేదు. లేదనిపించుకొని తిరిగి వచ్చినవాణ్ణి, “తవిటయ్య భుజం చూపించమన్నారా?” అని ఇంట్లోవాళ్ళు పలకరిస్తారు. ఎలాగో పని దొరికి, మొదటి రోజున స్ట్రెచర్ దగ్గర తటపటాయిస్తూ నిలబడినవారితో, రెండో కొన పట్టుకున్న పాతవారు మాత్రం ఇంకేమీ అడగరు.

“ఒకటి నీదనుకో. పట్టు” అంటారు.